'ఫ్రీ', 'ఉచితం': ఒక ఆంగ్ల విశేషణం తెలుగులో పొందిన అర్థాలు – బహదూర్‌పురా పరిసర వాడుక నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో 'ఫ్రీ' అనే విశేషణానికి స్వేచ్ఛ మూలార్థం. వెల లేకపోవడం దాని నుంచి తరువాత వచ్చిన అర్థం. తెలుగు ఈ పదాన్ని స్వీకరించినప్పుడు మూలార్థాన్ని దాదాపు వదిలిపెట్టి, తక్కిన అర్థాలను తనవైన పద్ధతిలో విస్తరించుకుంది. లిఖితభాషలో 'ఫ్రీ'కి సమానార్థకంగా స్థిరపడిన 'ఉచితం' వాటిలో ఒక్క అర్థానికే సరిపోతుంది. అంతేగాక, 'ఫ్రీ'లో కనబడని దాత 'ఉచితం'లో ఉంటాడు. దక్కనీ ఉర్దూ, తెలంగాణ తెలుగు, ఆంగ్లం కలిసి వినిపించే హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురా వాడుకను నేపథ్యంగా తీసుకొని, ఈ భేదం నిత్యవ్యవహారంలోనూ, విద్యాహక్కుకు సంబంధించిన చట్టభాషలోనూ ఎలా పనిచేస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అన్యదేశ్యాలు, అర్థవిపరిణామం, ఫ్రీ, ఉచితం, ఊరికే, ముఫ్త్, దక్కనీ, ఔచిత్యం, విద్యాహక్కు.

1. ఉపోద్ఘాతం:

అన్యదేశ్యాల చర్చ సాధారణంగా నామవాచకాల చుట్టూ తిరుగుతుంది. రైలు, బస్సు, టికెట్టు కొత్త వస్తువులతో పాటు వచ్చిన పేర్లు. వస్తువు వచ్చింది కనుక పేరు వచ్చిందని చెప్పి ముందుకు సాగవచ్చు. విశేషణం విషయంలో ఈ సమాధానం చాలదు. ఒక గుణాన్ని చెప్పడానికి భాషలో అప్పటికే మాటలుంటాయి. వాటిని పక్కకు నెట్టి పరాయి విశేషణం నిలదొక్కుకుందంటే, ఉన్న మాటలు చెప్పలేనిదాన్నో, మాట్లాడేవారు ఆ మాటలతో చెప్పడానికి ఇష్టపడనిదాన్నో అది చెబుతూ ఉండాలి. 'ఫ్రీ' అటువంటి విశేషణం.

ఈ పదాన్ని పరిశీలించడానికి బహదూర్‌పురా అనువైన చోటు. పురానాపూల్ నుంచి ఆరాంఘర్ వైపు సాగే దారిలో, మీరాలం చెరువుకు చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో ఉర్దూ మాట్లాడేవారూ తెలుగు మాట్లాడేవారూ పక్కపక్కనే జీవిస్తారు. ఆంగ్లపదాలు ఇద్దరి నోటా ఉంటాయి. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఇక్కడే ఉండడం వల్ల ఇతర జిల్లాల తెలుగు కూడా సందర్శకుల వెంట ఈ వీధుల్లోకి వస్తుంది. 'వెల లేని' అనే ఒక్క భావానికే ఇక్కడ ఫ్రీ, ఉచితం, ముఫ్త్, ఫుకట్, పుక్యానికి, ఉత్తగ, ఊరికే అనే ఏడు మాటలు చెవిన పడతాయి. వీటిలో ఏ రెండూ అన్ని చోట్లా ఒకదానికొకటి బదులు రావు.

2. ప్రియం, పిరం, ఫ్రీ:

ఆంగ్లంలోని 'ఫ్రీ'కి పాత జర్మానిక్ రూపాల మీదుగా ఇండో యూరోపియన్ మూలధాతువు 'ప్రీ' వరకు వెళ్ళే చరిత్ర ఉంది. ప్రేమించడం ఆ ధాతువు అర్థం. సంస్కృత 'ప్రియ' శబ్దానిదీ అదే మూలం. ఆంగ్లంలో స్నేహితుణ్ణి చెప్పే 'ఫ్రెండ్' కూడా ఈ కుటుంబానికి చెందినదే. 'ప్రియమైన' అనే అర్థం 'స్వేచ్ఛ గల' అనే అర్థంగా ఎలా మారిందన్న ప్రశ్నకు భాషాశాస్త్రజ్ఞులు ఎక్కువగా చెప్పే వివరణ ఇది: ఇంటి యజమానికి రక్తబంధువులు ప్రియమైనవారు, అదే ఇంట్లోని దాసులు ఆ వర్గంలో చేరరు. 'మనవారు' అనే అర్థం క్రమంగా 'దాసులు కానివారు' అనే అర్థమైంది. ఆ తరువాత ఏదైనా బాధ్యత, బరువు, చెల్లింపు నుంచి విడివడిన స్థితికి ఇదే మాట వ్యాపించింది. వెల చెల్లించనక్కరలేని వస్తువును ఆంగ్లంలో 'ఫ్రీ' అనడం 16వ శతాబ్దంలో గానీ కనబడదు.

తెలుగువైపు చూస్తే ఈ చరిత్రలో ఒక తమాషా ఉంది. సంస్కృత 'ప్రియ' తెలుగులో 'ప్రియం'గా ఇష్టాన్నే కాక అధిక ధరను కూడా చెబుతుంది. తెలంగాణ వాడుకలో అదే 'పిరం'. బజారులో కూరగాయలు కొనబోయిన మనిషి 'టమాటలు పిరమైనయి' అన్న నోటితోనే 'కరివేపాకు ఫ్రీగ ఎయ్యి' అంటే, ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలను ఎదురెదురు అర్థాల్లో వాడినట్లు. ఒకటి సంస్కృతం ద్వారా, మరొకటి ఆంగ్లం ద్వారా వేల ఏళ్ళ దూరం నడిచి వచ్చి ఒకే కూరగాయల బండి దగ్గర కలుసుకున్నాయి. దీనివల్ల వాడుకకు ఒరిగేదేమీ లేదు గానీ, వ్యుత్పత్తిని బట్టి అర్థాన్ని నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో తరగతి గదిలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

3. తెలుగు తీసుకున్నది, వదిలినది:

ఆంగ్ల నిఘంటువుల్లో 'ఫ్రీ'కి మొదట కనబడే రాజకీయార్థం తెలుగు వాడుకలోకి రాలేదు. దేశం 'ఫ్రీ' అయిందని తెలుగులో ఎవరూ అనరు. స్వాతంత్ర్యం, స్వేచ్ఛ, విముక్తి, విమోచన అనే మాటలు ఆ చోటును గట్టిగా పట్టుకొని ఉన్నాయి. ఖైదీ విడుదలవుతాడు, పక్షి ఎగిరిపోతుంది. ఈ సందర్భాల్లో 'ఫ్రీ' వినబడదు.

తెలుగులోకి వచ్చిన అర్థాల్లో అన్నిటికంటే విస్తృతమైనది తీరికకు సంబంధించినది. 'సాయంత్రం ఫ్రీగా ఉంటారా?', 'ఫ్రీ అయ్యాక ఫోన్ చేస్తాను', కళాశాలల్లో 'ఫ్రీ పీరియడ్' వంటివి ఇందుకు ఉదాహరణలు. ఈ భావానికి తెలుగులో 'తీరిక' ఉంది. తెలంగాణలో ఉర్దూ నుంచి వచ్చిన 'ఫుర్సత్' లేదా 'పుర్సతు' ఉంది. అయితే ఈ రెండూ ఎక్కువగా వ్యతిరేకార్థక వాక్యాల్లో బతుకుతున్నాయి: 'తీరిక లేదు', 'పుర్సత్ దొరకలే'. ఉన్న తీరికను చెప్పడానికి 'ఖాళీ' వాడితే అందులో మరో ఛాయ చేరుతుంది. 'అబ్బాయి ఖాళీగా ఉన్నాడు' అంటే ఉద్యోగం లేదని అర్థం. పెద్దవారిని 'ఖాళీగా ఉన్నారా సార్?' అని అడగడం మర్యాద అనిపించుకోదు. 'ఫ్రీగా ఉన్నారా?' అన్న ప్రశ్న ఎదుటివారికి పని ఉన్నదని ఒప్పుకొని, ఆ పనిలో కొంత సందు దొరుకుతుందా అని అడుగుతుంది. అందుకే ఇది గౌరవవాచకం పక్కన ఇమిడిపోయింది. బహదూర్‌పురా చౌరస్తాలో ఆటోను 'ఖాలీ హై క్యా?' అని అడుగుతారు. ఆటో నడిపే మనిషిని మాత్రం 'కల్ ఫ్రీ హై క్యా?' అని అడుగుతారు. వాహనానికి 'ఖాళీ', మనిషికి 'ఫ్రీ' అనే ఈ పంపకం తెలుగులోనూ అలాగే ఉంది.

రెండో అర్థం అడ్డు లేని కదలికకు సంబంధించినది. మరమ్మతు దుకాణాల్లో 'బోల్టు ఫ్రీ అయింది', 'హ్యాండిల్ ఫ్రీగా తిరగడం లేదు' అంటారు. సైకిలు దుకాణంలో 'ఫ్రీవీల్' ఒక భాగానికి పేరుగానే స్థిరపడింది. వైద్యుడు రోగిని 'మోషన్ ఫ్రీగా అవుతోందా?' అని అడుగుతాడు. జడ వేయని జుట్టును 'ఫ్రీగా వదిలేసింది' అంటారు. దుస్తుల దుకాణంలో 'ఫ్రీ సైజు' అంటే ఎవరికైనా సరిపడేది. వదులు, సాఫీ, ధారాళం, విడి అనే నాలుగు వేర్వేరు మాటలు చేయవలసిన పనిని ఇక్కడ ఒక్క 'ఫ్రీ' చేస్తున్నది. ఈ వాడుకలన్నిటిలో సమానంగా ఉన్న అర్థాంశాన్ని 'పట్టు లేకపోవడం' అని చెప్పవచ్చు. స్వేచ్ఛ అంటే ఇష్టానుసారం నడవడం. దానికి ఇచ్ఛ గల కర్త కావాలి. బోల్టుకు ఇచ్ఛ లేదు. తెలుగు 'ఫ్రీ'కి కర్త ఇచ్ఛతో పని లేదు, అడ్డు తొలగితే చాలు. స్వేచ్ఛ అనే అర్థాన్ని తెలుగు ఎందుకు వదిలిందో ఇక్కడ కొంతవరకు అర్థమవుతుంది.

ప్రవర్తనకు సంబంధించిన మూడో అర్థంలో మాత్రం ఇచ్ఛ గల కర్త తిరిగి వస్తాడు. దానితో పాటు సమాజపు తీర్పు కూడా వస్తుంది. 'అతను అందరితో ఫ్రీగా ఉంటాడు' అన్నది మెచ్చుకోలు: గర్వం లేనివాడు, కలుపుగోలుగా ఉంటాడు అని. 'ఆ అమ్మాయి ఫ్రీగా మూవ్ అవుతుంది' అన్న వాక్యాన్ని మెచ్చుకోలుగా వాడేవారు ఉన్నా, అదే వాక్యం చాలాసార్లు సందేహంగా, హెచ్చరికగా పలుకుతుంది. 'చనువు' అనే తెలుగు మాటకు ఉన్న రెండంచులూ ఈ 'ఫ్రీ'కి సంక్రమించాయి. అరువు తెచ్చుకున్న మాటతో పాటు ఆధునికత వస్తుందన్న నమ్మకానికి ఈ వాక్యజంట ఒక మినహాయింపు.

సమాసాల్లో ఉత్తరపదంగా వచ్చే 'ఫ్రీ' సంగతి వేరు. 'షుగర్ ఫ్రీ', 'ప్లాస్టిక్ ఫ్రీ', 'సిగ్నల్ ఫ్రీ' వంటివాటిలో ఇది లేమిని చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో బహదూర్‌పురా కూడలిపై పైవంతెన ప్రారంభమైనప్పుడు 'సిగ్నల్ ఫ్రీ' అనే మాట ఆ పరిసరాల్లో మారుమోగింది. పత్రికల భాష దీన్ని 'సిగ్నల్ రహిత' అని రాస్తుంది. 'రహిత', 'విముక్త' అనే ఉత్తరపదాలు ఇక్కడ చక్కగా అతుకుతాయి. చిక్కంతా మౌఖిక వాడుకలో ఉంది. తెలుగు వాక్యంలో నామవాచకం వెనుక వచ్చిన విశేషణం ఆఖ్యాతంగా కూడా ఉండవచ్చు. కాబట్టి 'షుగర్ ఫ్రీ' అన్నది చక్కెర లేనిదా, చక్కెర ఉచితమా అనేది రాతలో తేలదు, ఊనికను బట్టి తేలాలి. 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' అనే వ్యాపారసూత్రానికి అలవాటుపడిన చెవి రెండో అర్థం వైపే ముందు మొగ్గుతుంది.

కూడళ్ళలో కనబడే 'ఫ్రీ లెఫ్ట్' మరో రకం. ఎడమకు తిరిగేవారు ఆగనక్కరలేదని దాని భావం. దీన్ని 'ఎడమవైపు ఉచితం' అని ఎవరైనా అనువదిస్తే నవ్వు వస్తుంది. జంతుప్రదర్శనశాలలో 'జంతువులు ఫ్రీగా తిరుగుతాయి' అన్న మౌఖిక వాక్యాన్ని లిఖితభాషలోకి తెచ్చేటప్పుడు 'స్వేచ్ఛగా' అనాలి. అదే టికెట్టు కిటికీ దగ్గర 'పసిపిల్లలకు ఫ్రీనా?' అన్న ప్రశ్నలో 'ఉచితం' కావాలి. సందర్భం తెలిసిన మనిషి ఈ తేడాను ఆలోచించకుండానే పాటిస్తాడు. యంత్రానువాదం మాత్రం 'సమావేశం తరువాత నేను ఉచితం' వంటి వాక్యాలను పుట్టించగలదు.

ఆంగ్లానికి లేని ఈ సౌలభ్యం తెలుగుకు ఒకచోట లాభించింది కూడా. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించిన తరువాత, ఆ పేరులోని 'ఫ్రీ'కి వెలతో సంబంధం లేదని, అది వాడుకరి స్వేచ్ఛను చెబుతుందని పదే పదే వివరించవలసి వచ్చింది. హైదరాబాదులో ఆ ఉద్యమాన్ని చేపట్టినవారు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకున్నారు. ఆ ఒక్క మాటతో వివరణ అవసరం తీరిపోయింది.

4. ఊరికే, పుణ్యానికి, ముఫ్త్:

'ఫ్రీ' రాకముందు తెలుగు వెల లేనిదాన్ని ఎలా చెప్పింది? అందరికీ తెలిసిన మాట 'ఊరికే'. 'ఊరికే ఇచ్చాడు' అంటే వెల లేకుండా. 'ఊరికే వచ్చాను' అంటే ప్రత్యేకమైన పని లేకుండా. 'ఊరికే కూర్చున్నాడు' అంటే ఏ పనీ చేయకుండా. 'ఊరికే కోప్పడుతుంది' అంటే కారణం లేకుండా. వెల, ప్రయోజనం, పని, కారణం అనే నాలుగు లేములను ఒక్క అవ్యయం చెబుతున్నది. తెలంగాణలోని 'ఉత్తగ', ఇతర ప్రాంతాల్లోని 'ఉత్తినే' కూడా ఇదే దారిలో నడిచాయి. వెల లేకపోవడాన్నీ తీరికగా ఉండడాన్నీ ఒకే మాటతో చెప్పే అలవాటు తెలుగుకు ముందే ఉండడం గమనించదగినది. ఆ రెండర్థాలతోనే 'ఫ్రీ' తెలుగులో సులువుగా కుదురుకోవడానికి ఇది దోహదం చేసి ఉండాలి.

కానీ 'ఊరికే'లో ఒక చులకన ఉంది. లేమిని చెప్పే మాట కనుక, ఇచ్చిన వస్తువు విలువను కూడా అది తగ్గిస్తుంది. 'ఊరికే వచ్చింది కదా' అంటే 'దానికేం విలువ' అన్న ధ్వని వెంట వస్తుంది. 'పుక్యానికి', 'ఫుకట్' అనే మాటల్లో ఈ చులకన ఇంకా ముదిరి, తీసుకునేవాడి మీదికి మళ్ళుతుంది. 'పుక్యానికి వచ్చిందని అన్నీ తీస్కపోతవా?' అన్నది నిలదీత. ఉర్దూలో 'ముఫ్త్' స్వతహాగా తటస్థమైన మాట. అధికారిక ఉర్దూ విద్యాహక్కును 'ముఫ్త్ ఔర్ లాజ్మీ తాలీమ్' అనే అంటుంది. అయినా 'ముఫ్త్‌ఖోర్' అనే తిట్టు, 'మాలె ముఫ్త్ దిలె బేరహమ్' అనే సామెత దాని వెన్నంటే ఉన్నాయి. వెల లేని సొమ్ము మీద మనసుకు జాలి ఉండదని ఆ సామెత భావం. ఇటీవలి తెలుగులో 'ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతాడు' అన్న నానుడి పుట్టడాన్ని బట్టి, ఈ తిరస్కారం 'ఫ్రీ'ని కూడా చేరుకుంటున్నదని చెప్పాలి. ఇందులో 'ఫ' అక్షరానుప్రాస పనిచేసినంతగా అర్థం పనిచేయలేదు. తెలుగుకు సహజం కాని ఈ 'ఫ' ధ్వని పాతబస్తీ నాలుకకు ఫలక్‌నుమా, ఫుర్సత్, ఫుకట్ వంటి మాటల వల్ల ఎప్పటినుంచో అలవాటే. 'ప్రీ' అనే ఉచ్చారణ ఇక్కడి కంటే పల్లెల్లోనే ఎక్కువగా వినబడుతుంది.

మరో తెగ మాటలు ఇందుకు పూర్తిగా ఎదురు దిశలో ఉన్నాయి. 'పుణ్యానికి ఇచ్చాడు' అన్నప్పుడు వెల లేకపోవడాన్ని దాత పొందే పుణ్యంతో చెబుతున్నాం. పన్ను లేని భూమిని చెప్పే 'మాన్యం'లో మన్నన ఉంది. అదే అర్థంలో వచ్చిన 'ఇనాం'లో బహూకరణ ఉంది. మలయాళం వెల లేనిదాన్ని 'సౌజన్యం' అంటుంది. ఇచ్చేవారి సుజనత్వమే అక్కడ పదమైంది. ఈ మాటలేవీ వస్తువును చులకన చేయవు. అయితే ప్రతి మాటలోనూ ఇచ్చేవాడు నిలబడి ఉన్నాడు. తీసుకునేవాడు అతనికి కృతజ్ఞుడై ఉండాలన్న సూచన మాటలోనే ఇమిడి ఉంది.

ఈ రెండు తెగల నడుమ 'ఫ్రీ' దూరింది. 'ఊరికే'లోని చులకన గానీ, 'పుణ్యానికి'లోని దాత గానీ ఇందులో లేరు. దీనితో జత కట్టే క్రియలను గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. 'ఫ్రీగా' సహజంగా 'వచ్చు', 'దొరుకు' అనే క్రియలతో కలుస్తుంది: 'బకెట్టు ఫ్రీగా వచ్చింది'. కర్త బకెట్టే. ఇచ్చినవారెవరో వాక్యానికి అక్కర లేదు.

5. ఉచితం – ఔచిత్యం:

'ఉచితంగా' తరచుగా కలిసే క్రియలు వేరు: ఇవ్వడం, అందజేయడం, పంపిణీ చేయడం. 'పుస్తకాలు ఉచితంగా అందజేశారు' అన్న వాక్యంలో కర్త ఎవరో చెప్పకపోయినా, బహువచన క్రియ అతన్ని చూపిస్తూనే ఉంటుంది. 'ఉచితంగా లభించును' వంటి వాక్యాలు లేకపోలేదు గానీ అవి ప్రకటనల భాషకు పరిమితం.

'ఉచిత' శబ్దం సంస్కృతంలో 'ఉచ్' ధాతువు నుంచి వచ్చింది. అలవాటైనది, తగినది అని దాని అర్థాలు. కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించిన ఔచిత్యం దీని భావరూపమే. తెలుగులో సముచితం, అనుచితం, యథోచితం, సమయోచితం అనే సమాసాలన్నీ ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. ఒంటరిగా నిలిచిన 'ఉచితం' మాత్రం వెల లేనిదైంది. కన్నడంలోనూ ఈ మార్పే జరిగింది. హిందీలో జరగలేదు. హిందీలో 'ఉచిత్ మూల్య్' అంటే న్యాయమైన ధర. చౌకధరల దుకాణానికి ఆ భాషలో అదే పేరు. తెలుగు లిపి చదవగలిగిన హిందీ భాషి 'ఉచిత' అన్న మాటను చూసి న్యాయమైన ధర ఎంతో అడిగితే అది అతని తప్పు కాదు.

తగినది వెల లేనిది ఎలా అయింది? ఈ రెండర్థాలకు నడుమ వారధి 'తగిన కానుక' అన్న భావన. పాత్రుడైన మనిషికి, తగిన సందర్భంలో, హోదాకు తగినట్లు ఇచ్చేది ఉచితం. దానికి వెల పుచ్చుకోవడం అనుచితం. కాలక్రమంలో తగుదల మరుగునపడి వెల లేకపోవడం మిగిలింది. ఇచ్చేవాడి స్థానం మాత్రం చెదరలేదు. ఎన్నికల వాగ్దానాల చర్చలో 'ఉచితాలు' అనే బహువచన నామవాచకం పుట్టుకు రావడాన్ని ఈ వెలుగులో చూడాలి. సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు 2013లో ఎన్నికల కానుకలపై తీర్పు చెప్పిన తరువాతి ఏళ్ళలో ఈ మాట పత్రికల్లో మరింత పాతుకుపోయింది. దీని పర్యాయంగా వాడుతున్న 'తాయిలాలు' అన్న మాట మరింత కఠినమైనది. తాయిలం పసిపిల్లలకు పెట్టేది. ఓటరును పిల్లవాణ్ణి చేసే ఈ మాటలో దాత మరీ పెద్దవాడవుతాడు.

6. చట్టభాషలో 'ఫ్రీ':

పదాల మధ్య తేడా ఇక్కడితో ఆగితే అది నిఘంటుకర్తల సమస్యగానే ఉండిపోయేది. 2002లో 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 21ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలుపరిచే 2009 నాటి చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆంగ్లపాఠంలో 'ఫ్రీ', 'కంపల్సరీ' అనే రెండు విశేషణాలను తెలుగు 'ఉచిత, నిర్బంధ' అని చెబుతుంది.

ఈ రెండు విశేషణాలనూ చట్టం స్వయంగా నిర్వచించుకుంది. ప్రాథమిక విద్యను కొనసాగించకుండా, పూర్తి చేయకుండా అడ్డుపడగల ఏ రుసుమూ, ఏ ఖర్చూ చెల్లించవలసిన బాధ్యత బిడ్డ మీద లేదన్నది 3వ సెక్షను సారం. ఇక్కడ ప్రభుత్వం ఏదో ఇస్తున్నదని లేదు. అడ్డు తొలగించడం మాత్రమే ఉంది. చౌరస్తాలోని 'ఫ్రీ లెఫ్ట్'కూ, బోల్టు 'ఫ్రీ' కావడానికీ ఈ అర్థం దగ్గర, 'ఉచితం'కు దూరం. అలాగే 'కంపల్సరీ' అనే విశేషణం ప్రభుత్వ బాధ్యతను చెబుతుందని 8వ సెక్షను వివరణ స్పష్టం చేస్తుంది. తెలుగులో 'నిర్బంధం' అనగానే గృహనిర్బంధం గుర్తుకు వస్తుంది. బలవంతం బిడ్డ మీద పడినట్లు ధ్వనిస్తుంది. ఆంగ్లపాఠంలో రాజ్యానికి తగిలించిన సంకెల తెలుగుపాఠంలో బిడ్డ కాలికి మారింది. ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత దాతృత్వంగా కనబడింది. రెండు విశేషణాల్లోనూ జరిగింది ఒకే రకమైన తారుమారు.

ఉర్దూ, తెలుగు, ఆంగ్ల మాధ్యమాల ప్రభుత్వ పాఠశాలలున్న పాతబస్తీలో ఈ తేడాకు నిత్యజీవితంలో పర్యవసానం ఉంది. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదని, పుస్తకాలు ఆలస్యంగా వచ్చాయని అడగబోయిన తల్లికి 'ఉచితంగా చదువు చెబుతుంటే ఇంకా అడుగుతున్నారా?' అన్న జవాబు తెలుగులో తేలికగా వాక్యమవుతుంది. కానుకను ప్రశ్నించడం మర్యాద కాదన్న లోకరీతి ఆ వాక్యానికి బలం. 39ఎ అధికరణం చెప్పిన న్యాయసహాయానికి కూడా 'ఉచిత' విశేషణమే వచ్చింది. ఆ సహాయం పొందే కక్షిదారు కూడా న్యాయవాది ముందు ఇదే స్థితిలో నిలబడతాడు.

'ఉచిత'కు బదులు 'ఫ్రీ' వచ్చిన ఒక సందర్భంలో గౌరవం ఎలా తలకిందులైందో తెలుగువారి అనుభవంలోనే ఉంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెబుతూ, 14 ఏళ్ళ వరకు విద్య ప్రాథమిక హక్కని ప్రకటించింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల సీట్లను 'ఫ్రీ', 'పేమెంట్' అని సగం సగంగా విభజించింది కూడా ఆ తీర్పే. 'ఫ్రీ సీటు'లో చేరినవారు ప్రభుత్వ కళాశాలలో కట్టే ఫీజు కట్టవలసిందే. కాబట్టి అది ఉచితం కాదు. 'మా వాడికి ఫ్రీ సీటొచ్చింది' అని ఆ రోజుల్లో తల్లిదండ్రులు గర్వంగా చెప్పుకొనేవారు. ర్యాంకుతో సాధించుకున్నదని ఆ మాటకు అర్థం. క్రియ 'వచ్చింది'; ఇచ్చినవారి ప్రస్తావన లేదు. దాన్ని 'ఉచిత సీటు' అని చెప్పి ఉంటే ఆ గర్వం మిగిలేదా అన్నది సందేహం. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ విభజనను తొలగించింది. తరువాత 'కన్వీనర్ కోటా', 'మేనేజ్‌మెంట్ కోటా' వచ్చాయి. పాత తరం నోట 'ఫ్రీ సీటు' ఇంకా వినబడుతూనే ఉంది.

అనువాదకుల ముందు ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. హిందీ 'నిఃశుల్క్' అన్న మాటతో దాతను తప్పించింది. తెలుగులో 'రుసుము లేని', 'ఫీజు లేని' అనే పదబంధాలు అంతే పని చేస్తాయి. కాస్త పొడవుగా ఉండడం తప్ప వాటికి లోపం లేదు. 'నిర్బంధ'కు బదులు 'తప్పనిసరి' ఇప్పటికే వాడుకలో ఉంది. ఎవరికి తప్పనిసరి అన్నది వాక్యంలో చెప్పడం మాత్రం అవసరం. 'ఫ్రీ'నే చట్టభాషలోకి తేవచ్చన్న వాదన నిలవదు. తీరిక నుంచి చనువు దాకా పరుచుకున్న మాట చట్టానికి కావలసిన బిగువును ఇవ్వలేదు.

7. జీరో టికెట్టు:

పై రెండు పదాలనూ పక్కన పెట్టిన మరో వాడుక ఇటీవల వచ్చింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద బాలికలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఛార్జీ లేని ప్రయాణం మొదలైంది. ప్రభుత్వ ప్రకటనలు 'ఉచిత ప్రయాణం' అన్నాయి. జనం 'ఫ్రీ బస్సు' అన్నారు. ఉర్దూలో అది 'ముఫ్త్ సఫర్' అయింది. బస్సు లోపల పరిస్థితి వేరు. ప్రయాణించినవారి లెక్కను బట్టి ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లించాలి కనుక, కండక్టరు ప్రతి ప్రయాణికురాలికీ సున్నా విలువతో టికెట్టు కొట్టి ఇవ్వాలి. ఆ టికెట్టుకు 'జీరో టికెట్' అని పేరు.

ఛార్జీ ఉన్న రోజుల్లో లాగే ఎక్కిన చోటు, దిగే చోటు చెప్పి టికెట్టు తీసుకోవాలి. తీసుకోకపోతే తనిఖీలో ప్రశ్నిస్తారు. బహదూర్‌పురాలో బస్సెక్కిన తెలుగు స్త్రీ 'ఒక జీరో కొట్టండి' అంటుంది. పక్కన నిలబడిన ఉర్దూ స్త్రీ 'ఏక్ జీరో దేవ్' అంటుంది. 'ఊరికే'లోని చులకనకు గానీ, 'ఉచితం'లోని దాతకు గానీ ఆ సంభాషణలో చోటు లేదు. అడిగింది టికెట్టు, వచ్చింది టికెట్టు. 'జీరో టికెట్' సమాసంలో విశేషణంగా ఉన్న 'జీరో', 'ఒక జీరో' అన్నప్పుడు నామవాచకమై బహువచనాన్ని కూడా తీసుకుంటున్నది: 'నాలుగు జీరోలు, ఒక ఫుల్లు'. భార్యాపిల్లలతో ఎక్కిన మగవాడు కండక్టరుతో చెప్పే ఈ వాక్యంలో 'ఫుల్లు' అంటే అతని టికెట్టే. ఆ రెండో ఆంగ్ల విశేషణం తెలుగులో ఎంత దూరం ప్రయాణించిందన్నది ప్రత్యేకంగా పరిశీలించవలసిన అంశం.